రష్యన్లు లేచి వెళ్ళే వాక్యం

శవం గోళ్ళ కింద ఇరుక్కున్న పసుపు రంగు ముద్ద పేలుడు పదార్థమని తేలేసరికి, పై అంతస్తులో నాలుగు వందల మంది అతిథులు విందుకు కూర్చుంటున్నారు.

చచ్చిపోయినవాడు హాలు ఎలక్ట్రీషియన్. బాయిలర్ గదిలో, బొగ్గు కుప్ప వెనక, మెడకు తీగ బిగించి పడేశారు.

చ్యావ్ లిన్ లేచి చేతులు తుడుచుకుంది. బీజింగ్‌లో విదేశీ గూఢచారుల్ని పట్టడం ఆమె ఉద్యోగం. ఆ సాయంత్రం వేషం వడ్డించే అమ్మాయిది. రెండు జడలు, తెల్ల కోటు, కోటు లోపల పిస్టల్.

"హాలు ఖాళీ చేయిద్దాం," అంది.

"ఏమని?" ఆమె పై అధికారి హువో గొంతు తగ్గించాడు. "ఇరవై ఏళ్ళ తర్వాత అమెరికా దూత మన బల్ల దగ్గర కూర్చున్నాడు. 'అయ్యా, మా ఇంట్లో బాంబుంది, లేవండి' అనమంటావా? రేపు పొద్దున్నే విమానం ఎక్కేస్తాడు. మళ్ళీ రాడు. సరిహద్దు అవతల రష్యా ట్యాంకులు ఆ ముచ్చట కోసమే చూస్తున్నాయి."

"మళ్ళీ వెతికించారా?"

"పూలకుండీలు, బల్లలు, వంటిల్లు... ఆఖరికి బాతుల కడుపులు కూడా చూశారు. లేదు."

చ్యావ్ లిన్ ఒక్క క్షణం ఆలోచించింది. "ఎక్కడుందో తెలీదు గానీ, ఎప్పుడు పేలుతుందో చెప్పగలను కామ్రేడ్. రష్యన్లు లేచి వెళ్ళాక."

ఆ ఊళ్ళో రాయబారులందరికీ తెలిసిన తంతు అది. ప్రతి విందులోనూ ఆతిథ్యమిచ్చే మంత్రి తన ప్రసంగంలో మాస్కోను ఒక్కసారి తిడతాడు. 'సోషలిజం ముసుగేసుకున్న దోపిడీదారులు' అన్న మాట వినబడగానే రష్యా రాయబారి లేచి నిలబడతాడు. అతని వెనకే పోలండు, బల్గేరియా, తూర్పు జర్మనీ వాళ్ళు. అందరూ ముఖాలు ముడుచుకుని బయటికి నడుస్తారు. ప్రసంగం ప్రతి ముందే అందుతుంది కాబట్టి, తిట్టు వచ్చేలోగా గబగబా తినేసి ఓవర్‌కోట్లు దగ్గర పెట్టుకుంటారు.

"ఇది మాస్కో పని," అంది చ్యావ్ లిన్. "ఆ వాక్యం చదవొద్దని ఇవాళ ప్రసంగించే ఉప మంత్రికి చెప్పండి. తిట్టు రాకపోతే వాళ్ళు లేవలేరు. బాంబు సంగతి తెలిసినవాడికి మాత్రం కుర్చీలో ఒళ్ళు ఆగదు. వాడి మొహం నేను పట్టుకుంటాను."

హువో పైకి వెళ్ళబోతూ ఆగాడు. "తిట్టు లేని విందా? రష్యన్లే నొచ్చుకుంటారేమో అమ్మాయ్."

*

వేదిక మీద ఉప మంత్రి ఫాంగ్ ప్రసంగం మొదలుపెట్టాడు. ఒక్కో పేరా చదివి ఆగుతున్నాడు. ఎడమ పక్కనున్న యువతి దాన్ని ఇంగ్లీషులో చెబుతోంది. తర్వాత కుడి పక్కనున్న వెన్ దెహై రష్యన్‌లో చెబుతున్నాడు. వేదికకు ఆనుకుని మొదటి బల్ల. అక్కడ అమెరికా దూత చెవి ఒగ్గి వింటున్నాడు.

ఇంగ్లీషు వంతు నడుస్తుండగా చ్యావ్ లిన్ వెన్ కప్పులో టీ పోసింది. ఆమెకు రష్యన్ నేర్పింది ఆ తలనెరిసిన మనిషే.

"ఆ జడలు నీకు నప్పలేదే పిల్లా," అన్నాడు పెదవులు కదపకుండా.

"మీ తిట్ల కన్నా నయమే మాస్టారూ," అని రష్యన్ల బల్ల వైపు నడిచింది.

రాయబారి కొర్నేయెవ్ అప్పటికే తువ్వాలు మడిచి, కుర్చీ చేతుల మీద చేతులు ఆనించి కూర్చున్నాడు. తిట్టు రావలసిన చోటు వచ్చింది. దాటిపోయింది. ఫాంగ్ ఈసారి గోధుమలు బాగా పండిన సంగతి ఎత్తుకున్నాడు.

కొర్నేయెవ్ పక్కవాడి వైపు వంగాడు. "ఇంకా తిట్టడేం?"

"పేజీ ఎక్కడో పోగొట్టుకున్నట్టున్నాడు."

"ముందే చెప్పి ఏడవొచ్చుగా. ఆ బాతు ముక్క వదిలేసి కూర్చున్నాను."

చ్యావ్ లిన్ ఆ బల్లల మీది ముఖాలన్నీ చూసింది. విసుగుంది, అయోమయముంది. భయం మాత్రం ఒక్క ముఖంలోనూ లేదు. వీళ్ళెవరికీ ఏమీ తెలీదు.

మరి ఎవరికి తెలుసు?

అప్పుడు మైకులో వెన్ గొంతు వినిపించింది. గోధుమల గురించి రష్యన్‌లో చెప్పాడు. ఆ వెంటనే, గుక్క తిప్పుకోకుండా, తిట్టు కూడా చెప్పాడు. ఫాంగ్ అనని తిట్టు, పూర్తిగా, ఒక్క అక్షరం పోకుండా.

బతికాంరా బాబూ అన్నట్టు కొర్నేయెవ్ లేచాడు. కుర్చీలు కిర్రుమన్నాయి. రష్యన్ రాని ఫాంగ్ కాగితాలు పట్టుకుని తెల్లబోయి నిలబడ్డాడు.

చ్యావ్ లిన్ టీ కూజా బల్ల మీద పడేసి వేదిక వైపు పరిగెత్తింది. వెన్ తర్జుమాలో ఎన్నడూ మాట వదలడు, మాట కలపడు. రష్యన్లు వెళ్ళాక హాలు పేలితే, ముందే తెలిసి తప్పుకున్నారని లోకమంతా అంటుంది. రేపటికల్లా యుద్ధం. వెన్‌కు కావలసింది అదే. బాంబు మాస్కోది కాదు.

వెన్ చేతిలో మైకు లాక్కుని రష్యన్‌లో అంది: "రాయబారి గారూ, క్షమించండి! తర్జుమాలో పొరపాటు జరిగింది. ఉప మంత్రి మిమ్మల్నేమీ అనలేదు. వేడివేడిగా ఇంకో బాతు వస్తోంది. కూర్చోండి."

కొర్నేయెవ్ ఒక చెయ్యి ఓవర్‌కోటులో దూర్చి నిలబడిపోయాడు. తిట్టకుండానే లేచి వచ్చానంటే మాస్కోకు ఏం సమాధానం చెప్పాలి? గొణుక్కుంటూ కూర్చున్నాడు. పోలండు కూర్చుంది. బల్గేరియా కూర్చుంది.

చ్యావ్ లిన్ మైకు మూసిపట్టింది. "మాస్టారూ, ఇప్పుడు పేలితే వాళ్ళూ చస్తారు. చచ్చినవాళ్ళ మీద ఎవరికీ అనుమానం రాదు. ఎక్కడుంది?"

వెన్ రష్యన్ల బల్ల వైపు చూశాడు. కొర్నేయెవ్ తీరిగ్గా రొట్టెలో బాతు ముక్క చుట్టుకుంటున్నాడు.

"బాగానే చదువుకున్నావే," అన్నాడు వెన్.

వంగి, తన కాళ్ళ దగ్గరున్న మైకు పెట్టె మూత ఎత్తాడు. సోదా అయిపోయాక తన చేత్తో మోసుకొచ్చిన పెట్టె అది. లోపల గడియారం ముల్లు ఇత్తడి మేకును తాకడానికి వెంట్రుకవాసి దూరం. వెన్ బొటనవేలు అడ్డం పెట్టి ముల్లు విరిచేశాడు.

ఫాంగ్ గొంతు సవరించుకుని గోధుమల దగ్గర నుంచి మళ్ళీ అందుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

*

బాయిలర్ గదిలో, గోనె కప్పిన శవం పక్కన, హువో వెన్‌ను స్టూలు మీద కూర్చోబెట్టాడు.

"ఎవరి కోసం పని చేస్తున్నావ్?"

వెన్ సమాధానం చ్యావ్ లిన్ వైపు తిరిగి చెప్పాడు.

"ఎవరి కోసమూ కాదు. ముద్ద ఈ పిల్లాడే తెచ్చిచ్చాడు. వాడి అన్నా, నా కొడుకూ సరిహద్దు నదిలో మంచు మీద రష్యన్ల తూటాలకు ఒకే రోజు పోయారు. మధ్యాహ్నం వీడికి భయమేసింది, చెప్పేస్తానన్నాడు. చంపాను. అది తప్పే. పై అంతస్తు వాళ్ళ గురించి మాత్రం నన్ను అడక్కు. నా కొడుకు పోయినప్పుడు మనవాళ్ళు యుద్ధం చేస్తారనుకున్నాను. విందులు చేశారు. వాళ్ళనే పిలిచారు, బాతు పెట్టారు, ఒక్క మాట తిట్టి పంపించారు. ఆ మాట తర్జుమా చేసింది నేనే. అప్పట్నుంచీ ప్రతి విందులోనూ, పక్కవాడి నోటి మాటగా చెప్పి దిగిపోయాను. ఇవాళ ఒక్కరోజే, పిల్లా, అది నా అంతట నేను అన్నాను."