కబుర్ల మధ్య నిండిన తూటా

ఏజెంట్ డ్వైట్‌ని చంపింది శత్రువు కాదు, హెలెనా నగరంలో మన గూఢచారి ఆఫీసు పై అంతస్తులో కూర్చున్న మీరు. కొత్త తూటాలు దండగన్నారు. కాల్చేసిన తూటాల ఖాళీ గొట్టాల్లో ఏజెంట్లే మళ్లీ మందు నింపుకోవాలన్నారు. తుపాకి డ్వైట్ చేతుల్లోనే బద్దలైతే ‘సొంత అజాగ్రత్త’ అని రాసి ఫైలు మూసేశారు.

ఆ ఫైలు ఏజెంట్ లైల్ హాగెన్ తెరిచాడు, మీకు చెప్పకుండా. అతికించుకున్న గడ్డం, చెవి మిషన్‌లో వైర్‌లెస్. బ్యూట్ ఊళ్లో, ఆఫీసు కోసం డ్వైట్ తూటాలు నింపే ప్రెస్ కొన్న తుపాకుల షాపుకి వెళ్లాడు. కౌంటర్ వెనక కొరీన్. విదేశీ ముఠాలో మనం నాటిన మనిషి. ఆమె నవ్వితే కొనేవాళ్లు చిల్లర మర్చిపోతారు.

“తూటాలు నింపడానికి కొత్తవాణ్నమ్మా. మొదటి ప్రెస్ ఏది తీసుకోను?”

బల్ల మీద రెండున్నాయి. ఒకటి మొరటుది. పిడి లాగితే ఒకసారికి ఒక్కటే పని. మందు పోసిన గొట్టాలన్నీ వరసగా నిలబెట్టి, లైటేసి లోపలికి చూసుకోవచ్చు. రెండోది మందు పోయడం, గుండు బిగించడం అన్నీ తనే చేసి, లాగినప్పుడల్లా ఒక తూటా ఉమ్మేస్తుంది.

“ఆ మొరటుది మా తాతది. పోయినేడు జింకల వేటకి కూడా దాంతోనే నింపాడు. మీరు ఈ రెండోదాని ముందు కూర్చోండి, లాగి చూడండి.”

లైల్ లాగాడు. ఆమె పక్కనే స్టూలేసుకుంది. ఏ ఊరు, మంచెంత పడింది, ఆ గడ్డానికి మీ ఆవిడ ఏమీ అనదా. లైల్ నవ్వాడు. చెయ్యి సగంలో ఆగింది.

ఈ గొట్టంలో మందు పడిందా?

గుర్తులేదు. అనుమానంతోనే వచ్చినవాడికి, గుర్తులేదు.

“పడలేదులెండి. ఇంకోసారి లాగండి.”

లాగలేదు. గొట్టం తీసి చూశాడు. పడింది. మళ్లీ లాగితే రెట్టింపు మందు, తుపాకి చేతిలోనే బద్దలవుతుంది. పైన గుండు బిగిశాక ఎవడికీ కనపడదు. ఆమె ఏమీ కలపలేదు, దేన్నీ ముట్టుకోలేదు. మాట్లాడింది, అంతే. మనం నాటిన మనిషి ముఠాకే పని చేస్తోంది. ఇది ఏ కోర్టులో నిలుస్తుంది?

“డ్వైట్ పక్కన కూడా ఇలాగే కూర్చున్నావా?”

“మీ వాళ్లందరి పక్కనా కూర్చున్నాను, లైల్. నేర్పమని మీ బాసే పిలిచాడు.”

ముఠా మీద సాక్ష్యం చెప్పాల్సిన మనిషిని ఏజెంట్ జానెట్ అదే గంటలో కోర్టుకి తీసుకెళ్తోంది. లైల్ వైర్‌లెస్ నొక్కాడు.

“జానెట్, నీ తూటాలు ఎక్కడివి?”

“మనాఫీసువే. ఆగు, ఎదురుగా ఒకడు తుపాకి తీశాడు. కాలుస్తున్నా.”

“కాల్చకు. నీ తుపాకే నిన్ను చంపుతుంది. కారుతో గుద్దు.”

రేకు నలిగిన చప్పుడు. తర్వాత జానెట్ గొంతు. “పడ్డాడు. సాక్షి బతికాడు. కారు డబ్బులు నా జీతంలో కోస్తారేమో చూడు.”

కోశారు. కొరీన్ మీద కేసు నిలవలేదు. డ్వైట్ ఫైల్లో ‘సొంత అజాగ్రత్త’ అన్న ఆ రెండు మాటలూ అలాగే ఉన్నాయి. ఆ ఉమ్మేసే యంత్రం మీ ఆఫీసులో ఇంకా ఆడుతూనే ఉంది.

దాన్ని బయట పారెయ్యండి. ఈరోజే. ఆ మొరటు ప్రెస్‌ని బల్లకి బిగించండి, పక్కన స్టూలు లేకుండా. డ్వైట్ భార్యకి నిజం మీ నోటితో చెప్పండి. అంతవరకూ ఆఫీసులో నింపిన ప్రతి తూటా మొదట మీరే కాల్చండి.