ఊహూఁ పోగొట్టుకున్న నగరం

వెన్నెలదుర్గాన్ని ఏలే ముసలి రాజుగారు ఒకనాడు నిద్రలోనే కన్నుమూశారు. తెల్లారేసరికి కోట ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. సేనాపతి మధుకంఠుడు రాజుగారి శాలువా చేతుల్లోకి తీసుకుని మెట్లెక్కాడు. అబ్బ, ఏం గొంతు అది! వింటుంటే కళ్ళు మూతలు పడేవి, ఒళ్ళు తేలిపోయేది.

“ఈ శాలువా కప్పుకునే మీ ఇళ్ళ పెళ్ళిళ్ళకి వచ్చాడు కదా మన తండ్రి?” అన్నాడు.

“ఊ” అన్నారు జనం.

“ఆయనకి ఆఖరి మందు పోసింది వైద్యుడు గుణభద్రుడే కదా?”

“ఊ.”

“అయితే చంపింది వాడే కదా?”

“ఊ!” అని కోట దద్దరిల్లిపోయింది. నిన్నటిదాకా గుణభద్రుడికి చేతులెత్తి దండం పెట్టినవాళ్ళే, అక్కడే ఉన్న అతని చేతులు కట్టేసి, పున్నమినాడు కొండమీంచి తోసెయ్యాలని కేకలు వేశారు.

వైద్యుడి కూతురు తరళ ఆ గుంపులోనే ఉంది. మా నాన్న అలాంటివాడు కాదని అరవబోయింది. పాపం, ఆ పిల్ల నోటివెంట కూడా “ఊ” అనే వచ్చింది!

సిగ్గుతో, ఏడుపుతో ఆమె అడవిలోకి పరుగెత్తింది. అక్కడ పొగమంచు మోకాళ్ళదాకా ఉంది. గాలి లేకుండానే చెట్లు మెల్లగా ఊగుతున్నాయి. ఆమె కూర్చున్న బండ కదిలింది. తీరా చూస్తే అది బండ కాదు, ముసలి తాబేలు.

“ఏడవకే పిల్లా. మీ సేనాపతి కథల రాక్షసి చేత మంత్రం వేయించాడు. మీ నగరంలోని ‘ఊహూఁ’లన్నీ జలపాతం వెనక గుహలో దాని కుండలో ఉన్నాయి. దాని కథ చివరిదాకా ఊ కొట్టకుండా వింటే కుండ నీది. ఊ అన్నావో, నువ్వూ ఇక్కడ ఓ చెట్టువైపోతావు.”

“కాదనడం నాకు రావడంలేదు. మరి ఊ అనకుండా ఎలా ఉండను తాతా?”

“ఆ రెండూ తప్ప వేరే మాటే లేదా నీకు?” అని తాబేలు తల లోపలికి లాక్కుంది.

తరళ వెళ్ళేసరికి గుహలో రాక్షసి జడ అల్లుకుంటూ కూర్చుంది. అది నోరు విప్పగానే, ఎప్పుడో చనిపోయిన అమ్మ గొంతు వినిపించింది తరళకి.

“అనగనగా ఓ చల్లని ఊరు. అక్కడ రాజు ఏం చేసినా మంచే...”

తరళ కళ్ళు వాలిపోయాయి. పెదవులు గుండ్రంగా తిరిగాయి. అంతలో చేతులు కట్టేసి ఉన్న నాన్న గుర్తొచ్చాడు.

“మంచని ఎవరన్నారు అవ్వా?”

రాక్షసి గతుక్కుమంది. “ఆ రాజే అన్నాడు.”

“నువ్వు చూశావా? ఊళ్ళోవాళ్ళని అడిగావా?”

“మధ్యలో ఈ గోలేమిటే! ఊ కొట్టు!”

“ముందు చెప్పు, వాళ్ళేమన్నారు?”

రాక్షసి తడబడింది, కథ మళ్ళీ మొదటికొచ్చింది, మళ్ళీ తడబడింది. చివరికి విసిగిపోయి, “అయిపోయింది కథ! నా ప్రాణం తియ్యకు, పోవే!” అని కుండ ఆమె ఒళ్ళో పడేసింది.

పున్నమి సాయంత్రం తరళ చేరేసరికి గుణభద్రుణ్ణి కొండ అంచున నిలబెట్టారు. ఆమె కుండ మూత తీసింది. ఊహూఁలు బూరుగుదూదిలా తేలుతూ ఎవరివి వాళ్ళని వెతుక్కున్నాయి.

“వీణ్ణి తోసెయ్యమంటారు కదా?” అన్నాడు మధుకంఠుడు.

“ఊహూఁ!”

తరళ ఆవేశంగా బండెక్కింది. “మనల్ని మాయచేసింది వీడే కదా?”

“ఊ!”

“వీణ్ణే తోసేద్దామా?”

“ఊ!” అంటూ జనం మధుకంఠుడి మీద పడ్డారు.

“ఊహూఁ” అన్నాడొక్కడు. అతను గుణభద్రుడు. “విచారణ లేకుండా మనిషిని తొయ్యకూడదు. నన్నైనా సరే, వాణ్ణైనా సరే.”

తరళ పరుగున వెళ్ళి సేనాపతికి అడ్డంగా నిలబడింది. “ఆగండి! నేనన్నది తప్పు.” జనం తలలు దించుకుని వెనక్కి తగ్గారు.

తర్వాత విచారణ జరిగింది. రాజ్యం కోసమే మధుకంఠుడు ఈ మాయ పన్నాడని తేలి, అతన్ని చెరసాలకి పంపారు. రాజుగారి కూతురు సింహాసనమెక్కి తరళని మంత్రిగా చేసుకుంది. అదంతా తర్వాతి మాట. ఆ సాయంత్రం మాత్రం తండ్రీకూతుళ్ళు వెన్నెల్లో కొండ దిగుతున్నారు.

“నాన్నా, ఆ రోజు కోట ముందు నేను కూడా ఊ అన్నాను.”

“విన్నానమ్మా. అంత గోలలోనూ నీ గొంతు నాకు తెలియదా?”

తరళ భోరున ఏడ్చేసింది. తాడు ఒరుసుకుపోయిన చేత్తో గుణభద్రుడు ఆమె కళ్ళు తుడిచి, “పద తల్లీ, ఆకలి దంచేస్తోంది. ఇంటికెళ్ళి ఏదైనా వండుకుందాం” అన్నాడు.