నేరుగా వెళ్ళే విమానం

వాళ్ళ పరిచయం జరిగినప్పుడు అతని నోరు బార్లా తెరిచి ఉంది. మాట మాత్రం ఒక్కటీ బయటికి రాలేదు. పైఅంతస్తు క్లినిక్‌లో కొత్తగా చేరిన డెంటిస్టు అతని పన్ను పీకుతూ, "కింద ట్రావెల్స్‌లో చేసేది మీరేనా?" అని అడిగింది. "ఆఁ" అన్నాడు. నోటినిండా దూది పెట్టుకుని అంతకంటే ఏమనగలడు?

పన్ను నొప్పి తగ్గింది కానీ కొత్త జబ్బు పట్టుకుంది. లిఫ్టు చప్పుడైతే చాలు, టికెట్ల పని వదిలేసి గుమ్మం వైపు చూసేవాడు.

ఏడాది తిరక్కుండానే ఆమెకి సముద్రాల అవతల ఓ మహానగరంలో పైచదువుకి సీటొచ్చింది. తిన్నగా వచ్చి అతని కౌంటర్ ముందే కూర్చుంది.

"అక్కడికి ఎంతసేపు పడుతుందండీ?"

అతనికి బాగా తెలుసు, నేరుగా వెళ్ళే విమానం ఉంది, పదకొండు గంటలు. నోరు మాత్రం, "ఇరవై ఆరు గంటలండీ. రెండుచోట్ల దిగి మారాలి" అనేసింది.

అబద్ధమనడానికి లేదు, అలాంటి దారీ ఒకటుంది. కావాలని ఆ దారిన వెళ్ళినవాణ్ణి మాత్రం అతనింతవరకు చూడలేదు.

ఆమె ముఖం చిన్నబోయింది. "అంతసేపా?"

"మధ్యలో సగం రోజు కుర్చీలోనే కూర్చోవాలి. నడుం పడిపోతుందండీ."

"అసలు మీరు టికెట్లు అమ్మేవాళ్ళేనా?"

"మీ మంచికే చెబుతున్నాను."

మర్నాడు మళ్ళీ వచ్చింది. "పోనీ వచ్చేటప్పుడైనా తగ్గుతుందా?"

"ఎదురుగాలండీ. ఇంకో గంట ఎక్కువే."

దిగాలుగా లేచి వెళ్ళింది. తన పాచిక పారుతోందని అతను లోలోపల తెగ మురిసిపోయాడు.

శనివారం ఆమె కూర్చోకుండానే, "బుక్ చేసేయండి. వెళ్ళడానికి మాత్రమే" అంది.

"రిటర్న్?"

"వద్దు. అంత దూరం నుంచి మధ్యమధ్యలో ఎవరొస్తారు?"

బయట వాన పట్టుకుంది. ఆఫీసు ఓనరైన అతని బాబాయి గొడుగు విదిలిస్తూ లోపలికొచ్చి కంప్యూటర్‌లోకి తొంగిచూశాడు.

"ఇదేం దారిరా, ముక్కేదంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టు? అమ్మా, నేరుగా వెళ్ళేది ఉందిగా. పదకొండు గంటలు."

"పదకొండా?" ఆమె అతని వైపు తిరిగింది. "ఎందుకిలా చేశారు?"

ఇక దాచి లాభం లేదు. "దూరమంటే మానేస్తారేమోనని. మీరంటే నాకిష్టం. మీరు వెళ్ళిపోతారంటే భయమేసింది."

ఆమెకి నిజంగానే కోపం వచ్చింది. "తెలివి తక్కువ మనిషీ, వెళ్ళడానికి నేనెప్పుడో ఒప్పుకున్నాను. మూణ్ణెల్లకోసారి వచ్చి నిన్ను చూసిపోవడం కుదురుతుందా లేదా అని రోజూ అడుగుతున్నాను. ఇరవై ఆరు గంటలన్నావు. ఇక కుదరదులే, ఏమీ చెప్పకుండా వెళ్ళిపోదామనుకున్నాను."

అతను తన గొయ్యి తనే తవ్వుకుని, లోతు చూసి సంబరపడ్డాడన్నమాట. బాబాయి ఇంకో పది నిమిషాలు ఆలస్యమై ఉంటే అన్న ఆలోచనకే చెమట పట్టింది. కాలేదు కదా అనుకుని గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. ప్రాణం లేచొచ్చింది.

"టికెట్లు అమ్మమని పెట్టుకున్నానురా నిన్ను, మనుషుల్ని ఆపమని కాదు. లే అవతలికి." బాబాయి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "చెప్పమ్మా, రిటర్న్ ఎప్పటికి?"

ఆమె కోపం ఇంకా పూర్తిగా దిగలేదు కానీ, పెదవుల మీద నవ్వు ఆగలేదు.

"మూణ్ణెల్లకి చేయండి, బాబాయిగారూ."

ఆ పిలుపుకి కీబోర్డు మీద ఆయన వేళ్ళు ఆగిపోయాయి. కళ్ళజోడు పైనుంచి అబ్బాయిని చూశాడు.

"ఏరా, మీ పిన్నికి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"