అత్తగారి చేమిరి

"ఏంటండీ, మా పెరుగుకి జబ్బా?"

మోహనకృష్ణ వెటకారంగా అడిగేసరికి లిఖిత ముఖం ఎర్రబడింది. తెనాలిలో మోహనకృష్ణ వాళ్ల పెరుగు కొట్టుకు మంచి పేరు. అలాంటిది కొన్నాళ్లుగా పాలు తోడుకోవడం లేదు. బాపట్ల కాలేజీలో రీసెర్చ్ చేసే లిఖితను పిలిపిస్తే, శాంపిల్ పరీక్షించి వైరస్ అని తేల్చింది.

"మనుషులకొచ్చేది కాదండి, పెరుగు బ్యాక్టీరియాకి పట్టేది. లోపలికి దూరి సంతానాన్ని పెంచుకుంటుంది. బయటికి రావడానికి ఒక ఎంజైమ్‌తో దాని గోడ కరిగించేస్తుంది. బ్యాక్టీరియా పగిలి చచ్చిపోతుంది. ఇక మీ పాలను పెరుగు చేసేదెవరు?"

"అద్దెకొచ్చి ఇల్లు కూల్చే రకమన్నమాట."

లిఖితకు నవ్వొచ్చింది గాని ఆపుకుంది. ఆపుకున్న ఆ నవ్వు దగ్గరే మోహనకృష్ణ పని అయిపోయింది. పైకి మాత్రం బింకం వదల్లేదు.

రోజూ కాస్త పెరుగు తీసిపెట్టి మర్నాటి పాలలో కలిపే చేమిరిలోనే వైరస్ ఉందని, దాన్ని పూర్తిగా పారేయాలని ఆమె చెప్పింది. గిన్నెలన్నీ మరిగించి, బ్లీచింగ్ నీళ్లతో కడిగించి, చేమిరికి బదులుగా ల్యాబ్ నుంచి తెచ్చిన కల్చర్ పొడి ఇచ్చింది. అతని తల్లి చంద్రకళ గుమ్మంలో నిలబడి అంతా వింది.

మర్నాడు పాలు మళ్లీ పాలలాగే ఉన్నాయి. మోహనకృష్ణకు ఒళ్లు మండింది. ప్రయోగాలు ఎలకల మీద చేసుకోమని, తమ కొట్టు మీద కాదని ఫోన్లో కడిగేశాడు.

లిఖిత మధ్యాహ్నం రైలుకే వచ్చింది. వంటింటి అలమరలో చిన్న పింగాణీ జాడీ, పక్కనే తడి ఆరని చెంచా కనిపించాయి. ఆమె చంద్రకళ వైపు చూసింది. చంద్రకళ తల దించుకుంది.

"తప్పు నాదేనండి," అంది లిఖిత మోహనకృష్ణతో. "వేరే కల్చర్ తెస్తాను."

గెలిచానన్న ఊపులో అతను ఆమెను మంచినీళ్లయినా అడగలేదు. ఆమె వెళ్లిపోయాక చంద్రకళ కొడుకు పక్కన కూర్చుంది.

"ఆ పిల్ల తప్పేం లేదురా. కాపురానికి వచ్చిన రోజు మా అత్తగారు నా చేతిలో పెట్టిన చేమిరి అది. పారేయడానికి చెయ్యి రాలేదు. ఓ చెంచా కొత్తదాంట్లో కలిపాను. ఆ పిల్ల కనిపెట్టింది, నన్ను మాత్రం బయటపెట్టలేదు."

మోహనకృష్ణ వెంటనే బాపట్ల రైలెక్కాడు.

బాపట్లలో దిగేసరికి కుండపోత వాన. ల్యాబ్ గుమ్మంలో తడిసి ముద్దయి నిలబడ్డ అతన్ని చూసి లిఖిత టవల్ ఇచ్చింది. అతను క్షమాపణ చెప్పుకుంటుంటే మధ్యలో ఆపి, ఆ చేమిరి ఇంకెవరింట్లోనైనా ఉందా అని అడిగింది.

ఉంది. అతని మేనత్త పుష్పలత పెళ్లయి రేపల్లె వెళ్లేటప్పుడు పుట్టింటి చేమిరి పట్టుకెళ్లింది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో అదే పెరుగు.

ఇద్దరూ రేపల్లె బస్సెక్కారు. కిటికీలోంచి జల్లు ఆమె మీదే పడుతుంటే అతను సీటు మారతానన్నాడు. ఆమె అక్కర్లేదంది. తిరుగు ప్రయాణంలో శాంపిల్ సీసా ఒళ్లో పెట్టుకుని, బ్యాక్టీరియా గోడ కరిగించే ఆ ఎంజైమ్‌నే విడిగా తీసి పాలను పాడుచేసే బ్యాక్టీరియా మీద ప్రయోగించడమే తన రీసెర్చ్ అని చెప్పింది.

"మీ ఎంజైమ్ నా మీదా పనిచేసిందండి," అన్నాడతను, ధైర్యం కూడగట్టుకుని.

"మనుషుల కణాలకి ఆ గోడే ఉండదండి. దానికి మీ దగ్గర పనేం లేదు."

"అందుకేనేమో ఇంత తేలిగ్గా పడిపోయాను."

ఈసారి ఆమె నవ్వు ఆపుకోలేదు. వాన వెలిసినా కిటికీ వైపే తిరిగి కూర్చుంది.

రేపల్లె చేమిరిలో వైరస్ లేదు. పాత గిన్నెలు తీసేసి కొత్తవాటిలో పాలకు ఆ చేమిరి కలిపితే పెరుగు గడ్డలా తోడుకుంది. చంద్రకళ కళ్లు తుడుచుకుంటూ, ఓ గిన్నెలో కాస్త తీసి లిఖిత ముందుకు చాపింది.

"మా అత్తగారు నా చేతిలో పెట్టింది. నేను నీ చేతిలో పెడదామనుకుంటున్నా. నీకిష్టమైతేనే తీసుకోమ్మా."

లిఖిత ఒకసారి మోహనకృష్ణ వైపు చూసింది. రెండు చేతులా గిన్నె అందుకుంది.

"ఇందులో కొంచెం ల్యాబ్ ఫ్రీజర్లో దాస్తాను అత్తయ్యా. ఇక ఎప్పటికీ పోదు."

మోహనకృష్ణకు ఫ్రీజర్ సంగతి వినబడనే లేదు.