మణికట్టుకి కట్టిన తాడు

నేను ఎక్కడైనా నిద్రపోగలను. ఇదేం గొప్ప కాదు, పద్నాలుగేళ్ల నైట్ డ్యూటీ పుణ్యం. పిల్లల వార్డులో నర్సుని. కుర్చీలో కూర్చుని, గోడకి ఆనుకుని, ఒకసారైతే లిఫ్టులో నిలబడే నిద్రపోయాను. కానీ నా చెయ్యి మాత్రం నిద్రపోదు. బెల్లు మోగితే అదే వెళ్లి ఆపుతుంది, పసిబిడ్డ కదిలితే అదే వెళ్లి జోకొడుతుంది. తెల్లారాక నాకేదీ గుర్తుండదు. "నువ్వు పడుకోవే తల్లీ, నీ చెయ్యి డ్యూటీ చేస్తుందిలే" అని తోటి నర్సులు నవ్వేవాళ్లు.

ఆ చెయ్యే నా కొంప ముంచింది.

సెలవులకి పడవ ఎక్కుదామన్నది మా ఆయన. ఆయన లిఫ్టు మెకానిక్. రోజంతా చీకటి గోతుల్లో గ్రీజు పూసుకుంటూ బతికే మనిషికి ఆకాశం కావాలట. చిన్న తెరచాప పడవ, ఐదు రోజులు, దీవి నుంచి దీవికి. నాకు ఒక మంచం, లోపల గడియపెట్టుకునే ఒక తలుపు చాలు మహాప్రభో అన్నాను. వింటేగా! వెళ్లాం. మేమిద్దరం, మా అత్తయ్య, ఎనిమిదేళ్ల మా అమ్మాయి. పడవ నడపడానికి ఒక కెప్టెన్. అమ్మాయిని అందరం పిచ్చుక అంటాం. లేచింది మొదలు పడుకునేదాకా వాగుతూనే ఉంటుంది. సబ్బు ఎందుకు జారుతుంది, నాయనమ్మకి పళ్లు ఎన్నున్నాయి, చేపలకి దాహం వేస్తుందా. జవాబు చెప్పేలోపు ఇంకో ప్రశ్న.

పడవ ఎక్కగానే కెప్టెన్ దానికి నారింజరంగు లైఫ్ జాకెట్ తొడిగాడు. జాకెట్ వీపుకి ఒక పొడవాటి తాడు తగిలించి, రెండో కొస కొక్కేన్ని డెక్కు మీద ఉన్న ఇనప రింగుకి వేశాడు. పిల్ల ఎటు గెంతినా ఆ తాడు చాలినంత వస్తుంది.

"రింగేమైనా దాన్ని కన్నదా?" అన్నాను. కొక్కెం తీసేసి, ఆ కొస నా ఎడమ మణికట్టుకి కట్టుకున్నాను.

కెప్టెన్ తల అడ్డంగా ఊపాడు. "చేతికి వద్దమ్మా. పాప పడితే మిమ్మల్నీ లాగేస్తుంది."

"లాగనీ. అప్పుడైనా మెలకువ వస్తుంది."

నా బాధ ఆయనకేం తెలుసు? ఏడాదంతా ఊళ్లోవాళ్ల పిల్లల్ని కాపలా కాసి, ఇంటికొచ్చేసరికి నా పిల్ల బడికి వెళ్లిపోయి ఉంటుంది. దాన్ని దగ్గర పెట్టుకోవాలి. నిద్రా పోవాలి. రెండూ ఒకేసారి కావాలంటే నాకు ఈ తాడే దిక్కు.

పిచ్చుకకి ఇది మహా సరదాగా ఉంది. మొదటిరోజు సాయంత్రానికే ఒక భాష కనిపెట్టేసింది. ఒకసారి లాగితే, "ఉన్నావా?" నేనూ ఒకసారి లాగాలి, "ఉన్నా." రెండుసార్లు లాగితే, "రా." మూడుసార్లు లాగితే, "నాన్న మళ్లీ చెత్త జోకు వేశాడు." ఈ మూడోది నాన్నకి తెలిస్తే బాధపడతాడని నా చేత ఒట్టు వేయించుకుంది. మూడురోజులపాటు పడవ అటు చివర్నుంచి అది మూడేసిసార్లు తాడు లాగుతూనే ఉంది. మా ఆయన జోకులు అలాంటివి మరి.

నాలుగోరోజు మధ్యాహ్నం గాలి ఆగిపోయింది.

తగ్గడం కాదు, ఆగిపోవడం. తెరచాప తడిగుడ్డలా వేలాడింది. సరే అని ఇంజను వేస్తే పది నిమిషాలకే వేడెక్కి పొగ కక్కింది. కెప్టెన్ తిట్టుకుంటూ ఇంజను గదిలోకి దిగాడు. మెషీను అనేసరికి మా ఆయన ప్రాణం లేచొచ్చింది, చొక్కా విప్పేసి ఆయన వెనకే దూరాడు. అటొక దీవి, ఇటొక దీవి. రెండూ ఒకలాగే ఉన్నాయి, ఒకే దూరంలో. పిట్ట కూడా లేదు. అలలు పడవకి కొట్టుకునే చప్పుడు పొద్దుట్నుంచీ చెవుల్లో ఉండేది, అదీ లేదు. డీజిలు వాసన, ఎండకి మాడుతున్న ప్లాస్టిక్ వాసన, వాటి కింద చల్లగా ఇంకేదో వాసన... నాచు కాబోలు అనుకున్నాను.

అత్తయ్య కేబిన్లో నడుం వాల్చింది. పిచ్చుక పడవ వెనక మెట్ల దగ్గర కూర్చుని నీళ్లలోకి చూస్తోంది. "అమ్మా, అడుగు కనిపిస్తోంది!" అంది. "చూడు, మెట్టు దిగకు" అన్నాను. తెరచాప నీడలో ఒరిగాను. తాడు ఒకసారి కదిలింది. ఉన్నావా? ఉన్నా. ఇక ఒళ్లు తెలియలేదు.

తర్వాతది నాకు గుర్తు లేదు. నా చేతికి గుర్తుంది. తాడు కదలడం, చెయ్యి జవాబివ్వడం... ఎక్కడో లోతున తెలుస్తూనే ఉంది. ఒకటి. నేనూ ఒకటి. ఆ తర్వాత రెండు. రా. నా చెయ్యి ఒకసారి లాగింది, ఉన్నా. మళ్లీ రెండు. ఉన్నా. మళ్లీ రెండు. ఉన్నానమ్మా, ఉన్నా... వార్డులో ఏడ్చే పసివాణ్ణి జోకొట్టినట్టు, కళ్లు తెరవకుండా, ఎన్నిసార్లో.

మణికట్టు మండితే మెలకువ వచ్చింది.

చెయ్యి చాచుకుపోయి ఉంది. తాడు బిగిసి చర్మంలోకి దిగింది. దాని వెంబడే చూపు పోనిచ్చాను. డెక్కు మీదుగా వెనక మెట్లదాకా. మెట్ల మీంచి నీళ్లలోకి. నిటారుగా కిందికి.

మెట్ల దగ్గర ఎవరూ లేరు.

అరిచాననుకున్నాను. నోట్లోంచి గాలే వచ్చింది. పాక్కుంటూ వెళ్లి, రెండోసారి అరిచాను. ఈసారి పడవంతా అదిరింది.

"ఏమయింది అమ్మాయ్?" అత్తయ్య కేబిన్ తలుపు తీసింది. "ఎందుకలా అరుస్తావు? పిల్ల నా పక్కనే పడుకుందిగా!"

ఆవిడ వెనకాల పిచ్చుక నిలబడి ఉంది. కళ్లు నులుముకుంటోంది.

ఇలా రావే అని కుడిచెయ్యి చాచాను. దాన్ని లాక్కుని గుండెకి అదుముకున్నాను. తల తడిగా ఉంది. చెమట అనుకున్నాను, ఆ ఉక్కకి అందరి తలలూ తడే. "జాకెట్ ఏదే? ఎవరు తియ్యమన్నారు నిన్ను?" అని వీపు మీద ఒక్కటి వేశాను, వెంటనే ముద్దు పెట్టుకున్నాను. అది ఏమీ అనలేదు.

అప్పుడు తాడు కదిలింది.

రెండుసార్లు.

ముగ్గురం చూశాం. అత్తయ్య నా భుజం పట్టుకుంది. "అమ్మాయ్... పిల్ల ఇక్కడుంది కదా..."

"ఊఁ."

"మరి ఆ తాడు..."

అరుపుకి మా ఆయనా, కెప్టెనూ చేతులనిండా గ్రీజుతో పైకొచ్చారు. కెప్టెన్ మెట్ల మీద వంగి నీళ్లలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. నేనూ వంగాను.

నీళ్లు అద్దంలా ఉన్నాయి. లోతున, చాలా లోతున, నారింజరంగు. జాకెట్. అది వెల్లకిలా లేదు, పక్కకి ఒరిగీ లేదు. నిలబడి ఉంది. బకిళ్లన్నీ పెట్టి ఉన్నాయి. మెడ ఉండాల్సిన చోట పడవ నీడ పడి ఏమీ కనిపించడం లేదు...

"అది మునగదు," అన్నాడు కెప్టెన్ మెల్లగా. "మునగకుండా చేసిందే అది."

మా ఆయనకి భయం వేస్తే నోరు ఊరుకోదు. నవ్వబోయి, "ఏదో చేపకి మన పిల్ల జాకెట్ నచ్చినట్టుంది... సైజు సరిపోయిందో లేదో చూసుకుంటోంది" అన్నాడు.

తాడు కదిలింది. ఒకటి... రెండు...

మూడు.

ఆ మూడు ఏమిటో నాకొక్కదానికే తెలుసు. నాకూ, నా పిచ్చుకకీ. పిచ్చుకేమో ఇక్కడ, నాయనమ్మ కొంగు పట్టుకుని నిలబడి, నన్నే చూస్తోంది.

తాడు ఒక్కసారిగా బిగిసింది. చెయ్యి రెయిలింగుకి కొట్టుకుంది. మోచేతిదాకా బయటికి పోయింది. ముడి విప్పబోతే రావడం లేదు. మా ఆయన నా నడుం పట్టుకుని వెనక్కి లాగుతున్నాడు. కెప్టెన్ నా కుడిచేతిలో కత్తి పెట్టాడు.

"కొయ్యండమ్మా! చూస్తారేం? కొయ్యండి!"

రెండు. రా.

రెండు.

రెండు.

నా పిల్ల ఇక్కడుంది. నా కళ్లముందే ఉంది. మరి కిందున్నదెవరైతే నాకేం? అలాగే అనుకున్నాను, దేవుడిమీద ఒట్టు. అలాగే అనుకుని కోశాను.

తెగిన తాడు చప్పుడు లేకుండా జారిపోయింది. జాకెట్ పైకి తేలుతుందని అందరం కాచుకుని చూశాం. తేలలేదు. నారింజరంగు చిన్నదైంది... ఇంకా చిన్నదైంది... నీళ్లలో కలిసిపోయింది.

ఆ తర్వాత ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. బాగుచేసినవాళ్లకే నమ్మకం కుదరలేదు. కెప్టెన్ ఐదోరోజు సంగతి ఎత్తకుండా పడవని ఒడ్డుకి తిప్పేశాడు. మేమూ అడగలేదు.

దారిలో అత్తయ్య నా పక్కన కూర్చుంది. "జాకెట్ నువ్వే విప్పి పంపావనుకున్నానే" అంది.

"నేను నిద్రపోతున్నా కదా అత్తయ్యా. మీరు విప్పారనుకున్నా."

"నేనెందుకు విప్పుతానే?" అంది ఆవిడ. "నాకూ కాస్త కన్నంటుకుంది. లేచేసరికి పక్కన ఉంది. నువ్వు పంపావనుకుని, దుప్పటి కప్పాను."

"ఎప్పుడొచ్చింది?"

"నేను చూడలేదు అమ్మాయ్."

మేము మళ్లీ ఆ మాట ఎత్తలేదు. పిల్ల క్షేమంగా ఉంది, ఇంకేం కావాలి? ఎండదెబ్బ తగిలి ఉంటుంది, అందుకే మాట్లాడడం లేదు అన్నాడు మా ఆయన. నేనూ సరే అన్నాను. అనాలి కదా.

ఇంటికొచ్చి ఇరవైమూడు రోజులైంది. పిల్ల బంగారం. పెట్టింది తింటుంది. పిలిస్తే వస్తుంది. ప్రశ్నలు అడగదు. బళ్లో టీచరు, "సెలవులకి ఎక్కడికి తీసుకెళ్లారు మేడం, ఎంత బుద్ధిగా తయారైందో!" అంది. నాన్న జోకులకి పడీపడీ నవ్వుతుంది. ఆయన మహా సంతోషంగా ఉన్నాడు, రోజుకి రెండు కొత్తవి పోగేసుకొస్తున్నాడు. అత్తయ్య మాత్రం పిల్ల గదిలోంచి తన పక్కబట్టలు హాల్లోకి మార్చుకుంది, అక్కడ గాలి ఆడటం లేదని.

నాకు నిద్ర పోయింది. ఎక్కడైనా నిద్రపోయేదాన్ని, ఇప్పుడు మంచమూ ఉంది, గడియపెట్టే తలుపూ ఉంది, కళ్లే మూతపడవు. పడితే ఎడమచెయ్యి కదులుతుంది. ఆ మధ్యాహ్నం నా చెయ్యి ఎన్నిసార్లు "ఉన్నా" అందో లెక్కపెట్టుకుంటూ పడుకుంటాను. రా అంటే ఉన్నా అన్నాను. ఉన్నానే గానీ, వెళ్లలేదు. పగటి డ్యూటీకి మార్పించుకున్నా లాభం లేదు. నిన్న ఒక బిడ్డ బెల్లు మోగుతుంటే చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాను. హెడ్ నర్సు వచ్చి ఇంటికి పొమ్మంది.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం మూడు. పిల్ల బడినుంచి వచ్చి, బల్ల దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దుకుంటోంది. అలసట వల్లో, ధైర్యం వల్లో తెలియదు, వెళ్లి పక్కన కూర్చున్నాను. దాని చూపుడువేలు పట్టుకుని ఒకసారి లాగాను.

అది తలెత్తింది.

మళ్లీ ఒకసారి లాగాను. లాగవే... ఒక్కసారి లాగవే తల్లీ, నీకు దణ్ణం పెడతా...

"ఏంటమ్మా?" అంది మెత్తగా.

"మర్చిపోయావా? మన తాడు భాష. ఒకటంటే ఏంటి? చెప్పు."

అది ఆలోచించింది. తెలియని ప్రశ్నకి బుద్ధిగల పిల్లలు ఆలోచించినట్టే, కింది పెదవి కొరుక్కుంటూ. తర్వాత పెన్సిలు కింద పెట్టి, కుర్చీ నా వైపు జరుపుకుని, చెయ్యి నా ముందు చాచింది.

"నాకు తెలీదమ్మా," అంది. "నువ్వు చెప్పు. నేర్చుకుంటా."