బడి గడప మీద పచ్చ భరిణె

పూర్వం మణికుంతల రాజ్యానికి ఒక వింత పీడ పట్టుకుంది. తోటలో కోసిన ఏ కూరగాయ అయినా పొయ్యి మీదికి చేరేలోపే కుళ్ళి నల్లబడిపోయేది. అంగళ్ళ అధిపతి కోశగుప్తుడి ముద్ర ఉన్న గంపల్లో వేసినవి మాత్రం రోజుల తరబడి నవనవలాడుతూ ఉండేవి. అందుచేత రైతులు అతడు విదిల్చింది పుచ్చుకుని పంటంతా అతడికే అప్పగించేవారు. జనం అతడు చెప్పిన ధర పెట్టగలిగితే కొనుక్కునేవారు, లేకపోతే ఉప్పూ గంజితో సరిపెట్టుకునేవారు.

మూడేళ్ళు గడిచేసరికి రాజధానిలోని వీధిబడి పిల్లలకు చిగుళ్ళ నుంచి రక్తం కారసాగింది. పొద్దు వాలితే చాలామందికి చూపు ఆనేది కాదు. బడి పంతులు శంభయ్య ఈ సంగతి రాజుకు విన్నవించడానికి వెళ్ళాడు. అతడి శిష్యురాలు, పదమూడేళ్ళ చెంగల్వ కూడా వెంట వెళ్ళింది. ఆమె తల్లిదండ్రులు వంగ, బెండ పండించే రైతులు. అయినా ఆ ఇంట్లో కూర వండి ఏడాది దాటింది.

పంతులు చెప్పినదంతా విని కొలువులో ఉన్న కోశగుప్తుడు నవ్వాడు. “మహారాజా, బీదవాళ్ళకు కూరలు తినే అలవాటు లేదు. ఉన్నా అరాయించుకోలేరు. పంతులుగారు అక్షరాలు చెప్పుకుంటే చాలు” అన్నాడు. రాజు జయకేతు సరేనన్నట్టు తల ఊపాడు.

చెంగల్వకు ఒళ్ళు మండిపోయింది. “అలవాటు లేదా! మీ విస్తట్లోకి వచ్చే వంకాయ పండించింది మా అమ్మ. దాని మొక్కకు నీళ్ళు మోసింది నేను. మా నోటి దగ్గర కూడు లాక్కుని, మాకు తినడమే రాదంటారా?” అని అరిచింది. భటులు ఇద్దరినీ బయటికి నెట్టేశారు.

శంభయ్య దుమ్ము దులుపుకుంటూ, “ఇది తెగులు కాదమ్మా, మాయ. ఉత్తరపు అడవిలో మౌనభద్రుడనే ముని ఉన్నాడు. ఆయనకు దీని మూలం తెలిసి ఉండవచ్చు. కానీ నా మోకాళ్ళు నన్ను అంత దూరం మోయవు” అన్నాడు.

“నేను వెళ్తాను పంతులుగారూ” అంది చెంగల్వ. తల్లి జొన్నరొట్టెలు మూటకట్టి ఇచ్చింది. ఆమె ఏడు రోజులు నడిచి ముని ఆశ్రమం చేరుకుంది.

ముని కళ్ళు తెరిచి, ఆమె చెప్పిందంతా విని, “నీలికొండ గుహలో కరాళుడనే రాక్షసుడున్నాడు. వాడు రాజ్యంలోని కూరగాయల తాజాదనమంతా లాగి పచ్చ భరిణెలో బంధించాడు. అందులో చిటికెడు మాత్రం కోశగుప్తుడి గంపలకు పూస్తాడు. ప్రతిఫలంగా నెలకు పది బళ్ళ కూరలు అందుకుంటాడు” అని చెప్పాడు.

“ఈ సంగతి మీకు ఎప్పటి నుంచి తెలుసు స్వామీ?”

“మూడేళ్ళుగా తెలుసు.”

“తెలిసి కూడా కళ్ళు మూసుకు కూర్చున్నారా? అక్కడ పిల్లలకు కళ్ళే కనిపించడం లేదు!” అంది చెంగల్వ కోపంతో.

ముని తల దించుకున్నాడు. “తప్పు చేశాను తల్లీ. ఒక్క రహస్యం చెబుతాను, విను. అబద్ధం వింటే కరాళుడు పెరుగుతాడు, నిజం వింటే కుంచించుకుపోతాడు. వాడి ఎదుట భయంతో కూడా అబద్ధమాడకు” అన్నాడు.

నీలికొండ కనుమలో ఏనుగంత అడవిపంది గొలుసుతో కట్టేసి ఉంది. అది కోరలు చాచి, “ఆగు! దాటితే చీల్చేస్తాను!” అని గర్జించింది. దాని డొక్కలు వీపుకు అంటుకుపోయి ఉండడం చెంగల్వ చూసింది.

“నెలనెలా పది బళ్ళు నీ ముందు నుంచే పోతాయి కదా, నీకేమీ పెట్టరా?” అని అడిగింది.

“వాసన మాత్రం నాది” అంది పంది దీనంగా.

చెంగల్వ గొలుసు అందని చోట నేల తవ్వి పెండలపు దుంపలు తీసింది. మధ్యాహ్నం దాకా తవ్వుతూ, దానికి విసురుతూనే ఉంది. కడుపు నిండిన పంది ఒక్క గుంజుతో గొలుసు తెంపుకుని, “పద, నేను నీ వెంట ఉంటాను” అంది.

గుహలో కాలు పెట్టగానే కుళ్ళు కంపు కొట్టింది. గుట్టలు గుట్టలుగా వంకాయలు, సొరకాయలు, పాలకూర పాచి పట్టి పడి ఉన్నాయి. వాటి మీద కొండలా కూర్చున్న కరాళుడు, “పిల్లా! నేను దయామయుణ్ణని ఒక్కసారి అను. భరిణె ఇచ్చేస్తాను” అన్నాడు తియ్యగా.

చెంగల్వ చూపు ఆ గుట్టల మీదే ఉంది. “దయా? నీకు ఆకలి కూడా లేదు. తినవు, తిననివ్వవు!” అంది. కొండంత రాక్షసుడు తాటిచెట్టంతకు కుంచించుకుపోయాడు. “ఇక్కడ కుళ్ళుతున్నవి మా బడి పిల్లల కళ్ళు!” అంది. వాడు మోకాలెత్తుకు దిగాడు. “నువ్వు బలవంతుడివి కాదు. మమ్మల్ని పట్టించుకునే రాజు లేడు గనక బతికిపోతున్నావు!” అంది. కరాళుడు బొటనవేలంత అయిపోయాడు. చెంగల్వ వంగి భరిణె తీసుకుంది.

“దాన్ని ఏ గడప మీద తెరుస్తావో, ఆ గడప దాటిన కూరగాయలే చెడకుండా ఉంటాయి. అంగట్లో తెరిస్తే కోశగుప్తుడివి. కోటలో తెరిస్తే రాజబంధువులవి. నీకు మరో గడప ఎక్కడుంది?” అని వాడు కీచుగొంతుతో వెక్కిరించాడు.

చెంగల్వ ఆలోచనలో పడింది. చాకలివాడ, కుమ్మరివాడ, కోమటివీధి, ఇలా ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు రోజూ వచ్చే చోటు ఏది? జవాబు తట్టగానే, గాలిలా పరుగెత్తే పంది వీపెక్కి నగరం దారి పట్టింది.

మరునాటి ఉదయం బడి గడప మీద భరిణె తెరుచుకుంది. పచ్చని వెలుగు కొంత గడపలో ఇంకిపోయింది. ఆ వార్త తెలిసి రైతులు తమకు గిట్టే ధరకే అమ్ముకుందామని బుట్టలు అక్కడికే తెచ్చారు. పిల్లల కోసం వచ్చిన తల్లులు అదే ధరకు కూరలు కొనుక్కుని ఒడి నింపుకున్నారు. అటు కోశగుప్తుడి గంపలు కుళ్ళిపోవడం మొదలైంది.

అతడు రాజునూ భటులనూ వెంటబెట్టుకుని వచ్చాడు. “బడి చదువు చెప్పే చోటు! కూరగాయల కొట్టు కాదు!” అని కేకలు వేశాడు.

శంభయ్య అడ్డం నిలబడ్డాడు. “పలక కనిపించని పిల్లవాడికి నేనేం చదువు చెప్పను?” అన్నాడు.

చెంగల్వ జరిగినదంతా రాజుకు చెప్పింది. అడవిపంది, కూరల బళ్ళు కొండకు వచ్చిన రోజులన్నీ పూసగుచ్చినట్టు వివరించింది. జయకేతు ముఖం పాలిపోయింది. “నేను తల ఊపకుండా ఉంటే ఇంతవరకూ వచ్చేది కాదు” అని, కోశగుప్తుణ్ణి రాజ్యం నుంచి వెళ్ళగొట్టాడు. భరిణెలో మిగిలిన వెలుగును రాజ్యంలోని ప్రతి బడి గడపకూ పూయించాడు. కొన్నేళ్ళకు చెంగల్వ చదువు ముగించగానే, ఆమెనే అంగళ్ళ అధిపతిని చేశాడు.

ఆమె పదవి చేపట్టిన రోజున రాజే స్వయంగా బడికి వచ్చి, కొనేవాళ్ళ వరసను దాటుకుని నేరుగా గోంగూర బుట్ట దగ్గరికి నడిచాడు.

“మహారాజా, వరస వెనక నుంచి మొదలవుతుంది” అంది చెంగల్వ.

జయకేతు కిరీటం తీసి చంకలో పెట్టుకుని, బుట్టలల్లే ఒక అవ్వ వెనక నిలబడ్డాడు.