కీచురాళ్ల గుహ

పోయిన తాత దూలం మీద దాచిన గుడ్డపటం దొరికింది. నల్లమలలో పేరులేని గుహ, దాని కడుపులో పాలెగాడి ఇత్తడి పెట్టె. కింద తాత రాత: "పటం మద్దిలేటిది. పెట్టె మాత్రం ఎవరి చేత్తో బయటికొస్తే వాళ్లదే."

ఓబులేసుకు ఒళ్లంతా భగ్గున మండింది. కొడుకు కొడుకు తానుండగా కూతురి కొడుక్కా పటం! అదీ పాతికేళ్లొచ్చినా బొద్దింకను చూస్తే మంచమెక్కి అరిచే మద్దిలేటికా! వాడు సగం దారిలో వెనక్కి తిరిగితే పటమూ పెట్టే తనవే. తిప్పడమెలాగో ఓబులేసుకు తెలుసు.

ఇద్దరికీ దారి చూపడానికి చెంచుల ఈదమ్మ ముందు నడిచింది. మొదటి రోజే మద్దిలేటి సద్దిమూట విప్పగానే మిడత ఎగిరి దూకింది. వాడు కెవ్వుమని పదడుగులు పరుగెత్తాడు. దాన్ని మూటలో పెట్టిన ఓబులేసు అటు తిరిగి నవ్వుకున్నాడు.

"ఇంటికి పోదాం పా, మద్దీ. నీకీ అడవులు పడవు," అన్నాడు ఎంతో జాలిగా.

ఈదమ్మ కదలనివ్వలేదు. "ఆడ్నే నిలబడబ్బీ! దాన్నే సూస్తా నూరు లెక్కబెట్టు. గుండెదడ తగ్గినంక పోదువు."

నూరు చాలలేదు, రెండు నూర్లయ్యాయి. దడ మాత్రం తగ్గింది.

రెండో రోజు చొక్కా జేబులో పేడపురుగు. ఈసారి మూరెడు దూరంలో కూర్చోబెట్టి లెక్కపెట్టించింది. మూడో రోజు బూటులో జానెడు రోకలిబండ పురుగు. మద్దిలేటి పళ్లు బిగించి దాన్ని పుల్లతో తాకాడు, చివరికి చేతిమీద పాకించుకున్నాడు. "శభాష్ రా కొడకా!" అని ఈదమ్మ వీపు తట్టింది. మూడు రోజులుగా మూటలు మోస్తున్న ఓబులేసును ఎవరూ తట్టలేదు. ఆ పూట అతనికి అన్నం సహించలేదు.

నాలుగో నాడు మధ్యాహ్నానికి గుహ చేరారు. మనిషి పాకితే పట్టేంత సందు. గోడలనిండా మీసాలాడిస్తూ వేల కీచురాళ్లు! మద్దిలేటి వాకిట్లోనే ఆగి లెక్క మొదలుపెట్టాడు.

"నువ్వు లెక్కబెట్టుకుంటా కూచో! పెట్టె నాది!" అని అరిచి ఓబులేసు టార్చితో లోపలికి దూరాడు.

పది బారలు పాకాడో లేదో, వెలుగుకు బెదిరిన కీచురాళ్లు ఒక్కసారిగా మీదికి దూకాయి. మొహం మీద, చెవుల్లో, చొక్కా లోపల! పురుగుల్ని ఒక్కొక్కటిగా పట్టి అగ్గిపెట్టెల్లో దాచినవాడే ఇప్పుడు గావుకేక పెట్టాడు. టార్చి జారి పగిలింది. అతను కాళ్లు తన్నుకుంటుంటే పైనుంచి రాళ్లు రాలసాగాయి.

"మద్దీ! సచ్చిపోతాండా రా! లాగరా!"

మద్దిలేటి చీకట్లోకి దూకాడు. "నలభై... నలభై ఒకటి..." అని గట్టిగా లెక్కపెడుతూ పాకాడు. పెదవి మీదికెక్కిన కీచురాయిని ఉఫ్‌మని ఊదాడు. చెయ్యి చాస్తే మొదట గోడగూట్లో చల్లటి ఇత్తడి తగిలింది, ఆ తర్వాత బావ కాలు. రెండూ లాగే వ్యవధి లేదు. కాలే పట్టుకున్నాడు.

"ఈదమ్మా, లాగు!" వెనకే పాకివచ్చిన ఈదమ్మ అతని కాళ్లు పట్టి ఈడ్చింది.

ముగ్గురూ బయటపడగానే వెనక గుహ కప్పు ఫెళఫెళా కూలిపోయింది.

"పెట్టె?" అన్నాడు ఓబులేసు దుమ్ము ఉమ్మేస్తూ.

"చేతికి తగిలె బావా. వదిలేస్తి."

ఓబులేసు తల వంచుకున్నాడు. "ఆ మిడతా, రోకలిబండా... నేనే పెట్నా."

"తెలుసులే. ఈదమ్మ మొదటిరోజే చెప్పె. రేపటికేం దాచినావు?"

ఓబులేసు జేబులోంచి నలిగిన అగ్గిపెట్టె తీశాడు. మద్దిలేటి తెరిచి, కొమ్ముపురుగును అరచేతిలో పెట్టుకున్నాడు. అది వేలెక్కుతుంటే ఓబులేసు వెనక్కి జరిగాడు, ఒళ్లంతా ఇంకా కీచురాళ్లు పాకుతున్నట్టే ఉంది. పటం పనికిరాకుండా పోయింది, పెట్టె మట్టిలో కలిసింది, అయినా అతని కడుపుమంట చల్లారలేదు. ఇప్పుడు ఆ వణకని చేతిని చూసి కుళ్లుకున్నాడు.

"నాకిటియ్యి," అని వణుకుతున్న అరచెయ్యి చాపాడు.

మద్దిలేటి ఇవ్వలేదు. పదడుగుల దూరంలో ఒక రాతిమీద పురుగును వదిలి వచ్చి, బావ పక్కన కూర్చున్నాడు.

"దూరం నుంచే మొదలుపెట్టు బావా. ఒకటి..."